క్యారమ్స్‌లో రెడ్ తీయాలంటే ముందు కవర్ దాచుకోండి

నలుగురు జంటలుగా కూర్చుని క్యారమ్స్ ఆడేటప్పుడు, పాకెట్ అంచున ఆగిన సొంత కాయిన్ కనబడగానే దాన్ని వేసేయాలని చేయి ఉబలాటపడుతుంది. రెడ్ (ఎర్ర కాయిన్) ఇంకా బోర్డు మీదే ఉంటే, దయచేసి ఆ కాయిన్‌ను అక్కడే ఉండనివ్వండి.

రెడ్ పడిన దెబ్బకో, ఆ వెంటనే వచ్చే దెబ్బకో సొంత కాయిన్ ఒకటి పాకెట్‌లో వేసి దాన్ని కవర్ చేయలేకపోతే రెడ్ తిరిగి బోర్డు మధ్యకు వెళ్తుంది కాబట్టి, సగం లోపలికి తొంగిచూస్తూ పాకెట్ మూతి మీద నిలిచిన ఆ కాయినే మీకు నమ్మకమైన కవర్ అవుతుంది. పైగా అది అక్కడ ఉన్నంతసేపూ ఎదుటి జట్టుకు ఆ పాకెట్ దారి ఇరుకుగా ఉంటుంది. వాళ్లు పొరపాటున దాన్ని పడేసినా, మీరు వేయాల్సిన కాయిన్లలోనే ఒకటి తగ్గుతుంది.

అయితే 25 పాయింట్ల ఆటలో మీ స్కోరు 22కు చేరాక రెడ్‌కు వచ్చే 3 పాయింట్లు కలవవు కాబట్టి, అప్పుడు ఈ ఓపిక అంతగా అవసరం లేదు.

కవర్ కొట్టేటప్పుడు మాత్రం బలం వద్దు. స్ట్రైకర్ (కాయిన్లను కొట్టే బిళ్ల) కూడా వెంటే పాకెట్‌లో పడితే ఫౌల్ అవుతుంది గనుక, కాయిన్‌కు నిటారుగా కాకుండా కాస్త పక్కవాటుగా, మెల్లగా తగిలించండి.