బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మెయిల్ బటన్ పెట్టే ముందు

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తీ (కమీషన్) దుకాణానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. సరిగ్గా సీజన్ నడుమ సేటు పిలిచి, "బిల్లు ప్రింటు తీసుడు, ఫోటో కొట్టుడు, మళ్ల పంపుడు... గింత తిప్పలెందుకు, బటన్ ఒత్తితే కొన్నోనికి మెయిల్ పోవాలె" అన్నాడు. ఒక్క బటనే కదా అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

అసలు మెయిల్ పంపడమే కావాలా, వచ్చినవి కూడా సాఫ్ట్‌వేర్‌లోనే చదవాలా అన్నది ముందు తేల్చుకోండి. పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ అనే ప్రోటోకాల్ చాలు. చదవాలంటే ఐమ్యాప్ అనే ఇంకోటి కావాలి, దాంతో పని నాలుగింతలు. దుకాణాల్లో నూటికి తొంభై మందికి పంపడమే కావాలి, ఆ ఒక్కదానికోసం అన్నీ ఉన్న ఖరీదైన ప్యాకేజీ కొనకండి.

మన ప్రోగ్రామ్‌తోనే ఔట్‌లుక్‌ని వెనక నుంచి నడిపిద్దాం అనే ఐడియా మీకూ వస్తుంది. వద్దు. మీ కంప్యూటర్లో చక్కగా నడుస్తుంది, దుకాణం కంప్యూటర్లో ఔట్‌లుక్కే ఉండదు, ఉన్నా అది కొత్త ఔట్‌లుక్ అయితే ఆ పాత పద్ధతికి పలకదు.

డాట్‌నెట్‌తో పాటే వచ్చే ఎస్‌ఎమ్‌టీపీ క్లయింట్‌ని కొత్త ప్రాజెక్టులకు వాడొద్దని మైక్రోసాఫ్ట్ వాళ్లే రాసి పెట్టారు. దానికి 587 పోర్టు మీద స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా కలిసి ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్‌కి మారే పద్ధతి) వచ్చు గానీ, మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్‌తో మొదలయ్యే 465 పోర్టు రాదు. నేను అక్కడే రెండు రోజులు పోగొట్టుకున్నాను. దాని బదులు మెయిల్‌కిట్ అనే లైబ్రరీ తీసుకోండి, ఎంఐటీ లైసెన్స్, ఉచితం, కస్టమర్‌కి అమ్మే సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా ఇబ్బంది లేదు. జావాలో అయితే జకార్తా మెయిల్, పైథాన్‌లో దాంతోపాటే వచ్చే ఎస్‌ఎమ్‌టీపీలిబ్ సరిపోతుంది. డెల్ఫీ వాళ్లకు ఇండీ లైబ్రరీ ఉంది, కాకపోతే ఎన్‌క్రిప్షన్‌కి కావాల్సిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డీఎల్‌ఎల్‌లు ఈఎక్స్‌ఈ పక్కన పెట్టి ఇవ్వడం మరిచిపోతే దుకాణం నుంచి ఫోన్ గ్యారంటీ.

ఏది ఎంచుకున్నా మొదటి పరీక్ష తెలుగుతో చేయండి. సబ్జెక్టులో "తక్‌పట్టీ" (అమ్మకం చీటీ) అని, పీడీఎఫ్ ఫైలు పేరు కూడా తెలుగులో పెట్టి పంపండి. నేను మొదట నెట్‌లో దొరికిన కోడ్ ముక్క అతికించాను, అవతల సబ్జెక్టు అంతా ప్రశ్నార్థకాలే. సబ్జెక్టు లాంటి మెయిల్ హెడర్లు ఇంగ్లీషు అక్షరాలే ఉన్న పాత ఆస్కీ కాలంనాటివి, తెలుగు అక్షరాలను ఒక పద్ధతిలో ఎన్‌కోడ్ చేసి పంపాలి. మంచి లైబ్రరీ అయితే ఆ పని అడగకుండానే చేస్తుంది.

జీమెయిల్ నుంచి పంపేటట్లయితే మామూలు పాస్‌వర్డ్ తీసుకోదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది కన్ఫిగ్ ఫైల్లో బయటికి కనబడేలా పెట్టకండి, విండోస్‌లోనే ఉండే డీపీఏపీఐ అనే ఎన్‌క్రిప్షన్ సదుపాయంతో దాచండి. దుకాణంలో ఆ కంప్యూటర్ ముందు ఎవరెవరు కూర్చుంటారో మీకు తెలిసిందే.

సర్వర్‌తో జరిగిన సంభాషణంతా ఫైల్లో రాసే లాగర్ ఉందో లేదో కూడా చూసుకోండి. మెయిల్‌కిట్‌లో ఉంది. అది లేకపోతే "పోతలేదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని హన్మకొండ నుంచి మార్కెట్‌కి బండేసుకుని తిరగాలి.

ఇక పంపే పనిని బటన్ కిందే పెట్టకండి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు స్క్రీన్ బిగుసుకుపోతుంది, గుమాస్తా ఊరుకోడు, మళ్లీ మళ్లీ నొక్కుతాడు. బటన్ నొక్కితే బిల్లు నంబరు డేటాబేస్‌లో ఒక టేబుల్‌లో పడాలి, అంతే. వెనకాల విడిగా నడిచే వేరే థ్రెడ్ దాన్ని తీసుకుని పంపాలి, పోకపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి, ఒకే బిల్లు నంబరు ఆ టేబుల్‌లో రెండోసారి చేరకూడదు. నేనిది ఆలస్యంగా కట్టాను. అప్పటికే గుంటూరు వ్యాపారి ఒకాయనకు ఒకే బిల్లు నాలుగుసార్లు పోయింది, ఆయన సేటుకి ఫోన్ చేసి అడిగాడు: "నాలుగు లాట్లు పంపుతున్నారా ఏంది?"