విండోస్ 10లో టర్బోట్యాక్స్ 2025 ఇన్‌స్టాల్ కావడం లేదా? కారణాలు, పరిష్కారాలు

అమెరికాలో ఉంటూ ఏటా టర్బోట్యాక్స్ డెస్క్‌టాప్ (ఇన్‌ట్యూట్ కంపెనీ చేసే పన్ను రిటర్న్ ప్రోగ్రామ్) కొనుక్కుని ఇంటి కంప్యూటర్‌లోనే రిటర్న్ వేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆన్‌లైన్ వెర్షన్ ఉండగా డెస్క్‌టాప్ ఎందుకని కొందరు అడుగుతారు. దానికి గట్టి కారణాలే ఉన్నాయి. ఒక్కసారి కొంటే 5 ఫెడరల్ రిటర్న్‌లు ఈ-ఫైల్ చేసుకోవచ్చు. ఫారం తెరిచి ఏ గడిలో ఏ అంకె పడిందో నేరుగా చూసుకోవచ్చు. పైగా ఫైల్ మన దగ్గరే ఉంటుంది. ఇండియాలో ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐల ఇండియా ఆదాయం పడే ఖాతా) డిపాజిట్ల వడ్డీ, అద్దెకిచ్చిన ఫ్లాటు ఉన్నవాళ్లకు ఆ ఫారాలు కళ్లారా చూసుకోవడం చాలా అవసరం. అందుకే ఈసారి వచ్చిన ఇబ్బందిని తేలిగ్గా తీసుకోలేం.

ఇన్‌స్టాలర్ మొదట్లోనే ఆగిపోతోంది

తప్పు మీ డౌన్‌లోడ్‌లో లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత వచ్చే టర్బోట్యాక్స్ డెస్క్‌టాప్‌కి, అంటే 2025 పన్ను సంవత్సరం వెర్షన్‌కి, విండోస్ 11 తప్పనిసరి అని ఇన్‌ట్యూట్ ముందే ప్రకటించింది. కాబట్టి మళ్లీ డౌన్‌లోడ్ చేయడం, యాంటీవైరస్ ఆపడం, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయడం, వీటన్నిటికీ టైమ్ పెట్టకండి.

విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకున్నాం కదా, పని చేయాలి కదా అని చాలామందికి అనుమానం. ఆ ఈఎస్‌యూ పథకం 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా లోపాలకు మాత్రమే మందు వేస్తుంది. దానివల్ల విండోస్ 10 కాస్తా విండోస్ 11 అయిపోదు. ఆ కంప్యూటర్ ఇంకా వాడుతుంటే మాత్రం తప్పకుండా అందులో చేరండి.

పోయినేటి టర్బోట్యాక్స్ 2024 విండోస్ 10లో మామూలుగానే నడుస్తుంది. కానీ దానితో 2025 రిటర్న్ వేయడం కుదరదు. 2025కి షెడ్యూల్ 1-ఏ అనే కొత్త ఫారం వచ్చింది, రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు పరిమితి 10,000 డాలర్ల నుంచి 40,000కి పెరిగింది. పాత ప్రోగ్రామ్‌కి ఇవేవీ తెలియవు. అయినా దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. పాత రిటర్న్‌లు తెరవడానికి, సవరించడానికి ఆ ఏడాది ప్రోగ్రామే కావాలి.

ఏదైనా మార్చే ముందు

డాక్యుమెంట్స్‌లో టర్బోట్యాక్స్ అనే ఫోల్డర్ వెతకండి. చివర ‘ట్యాక్స్2024’ అని ఉండే ఫైలే మీ పోయినేటి రిటర్న్. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఫోల్డర్ అక్కడ కనబడకపోతే వన్‌డ్రైవ్‌లో చూడండి. చాలా కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ మనకు తెలియకుండానే అక్కడికి మారి ఉంటుంది. తర్వాత టర్బోట్యాక్స్ 2024 తెరిచి, వర్క్‌షీట్లతో సహా మొత్తం రిటర్న్‌ని పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ప్రోగ్రామ్ లేకపోయినా పీడీఎఫ్ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది.

“ఈ పీసీ విండోస్ 11కి తగినది కాదు” అని వస్తోంది

ఈ మెసేజ్ చూడగానే కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి పరిగెత్తకండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ నడిపితే ఏ అంశం దగ్గర ఫెయిల్ అయిందో చెబుతుంది. టీపీఎం (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు జరిగే భద్రతా తనిఖీ) దగ్గర ఆగితే కంప్యూటర్‌కి ఆ శక్తి ఉండీ, సెట్టింగ్ ఆపేసి ఉండే అవకాశం ఎక్కువ. ప్రాసెసర్ దగ్గర ఆగితే మాత్రం సెట్టింగ్‌తో పోయేది కాదు.

ప్రాసెసర్ సంగతి ముందు తేల్చుకోండి. ఇంటెల్ అయితే ఐ5 లేదా ఐ7 పక్కన ఉన్న నంబర్ చూడండి. 8250 అంటే ఎనిమిదో తరం, అది సరిపోతుంది. 7200 అంటే ఏడో తరం, ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఆ తరం పనికిరాదు. ఏఎండీ రైజెన్‌లో 1000 వరుస పనికిరాదు, 2000 వరుస నుంచి చాలావరకు పనికొస్తాయి. వీటితో పాటు 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉండాలి.

ప్రాసెసర్ సరిపోతే, స్టార్ట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని టైప్ చేయండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉంటే బాధ లేదు. టీపీఎం దొరకలేదని వస్తే బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగుల్లో, ఆన్ చేయాలి. అక్కడ దాని పేరు టీపీఎం అని ఉండకపోవచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది.

బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాన్ని తాత్కాలికంగా నిలిపేయండి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇది మరిచిపోతే, బయోస్ మార్చాక కంప్యూటర్ 48 అంకెల కీ అడుగుతూ కూర్చుంటుంది. కీ లేకపోతే లోపలి ఫైళ్లు ఇక చేతికి రావు, అందులో మీ ట్యాక్స్ ఫైళ్లు కూడా ఉంటాయి.

సెక్యూర్ బూట్ ఆన్ కాకపోతే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ చూడండి. లెగసీ అని ఉంటే డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టే. విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్ డేటా పోకుండా డిస్క్‌ని కొత్త జీపీటీ పద్ధతిలోకి మారుస్తుంది. ముందు వ్యాలిడేట్‌తో పరీక్షించి, అది పాస్ అయ్యాకే కన్వర్ట్ చేయండి. ఆ తర్వాత బయోస్‌లో లెగసీని కొత్త బూట్ పద్ధతి అయిన యూఈఎఫ్‌ఐకి మార్చాలి, లేకపోతే కంప్యూటర్ బూట్ కాదు. కమాండ్లు అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది. పూర్తి బ్యాకప్ లేకుండా మాత్రం ఎవరూ మొదలుపెట్టవద్దు.

ప్రాసెసర్ నిజంగానే పాతది

ఇంట్లో విండోస్ 11 ఉన్న ఇంకో కంప్యూటర్ ఉంటే అదే అన్నిటికన్నా సులువైన దారి. పెన్‌డ్రైవ్‌లోని ఫైల్ అక్కడ పెట్టి, కొత్త ప్రోగ్రామ్‌లో పోయినేటి రిటర్న్ నుంచి ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. లేదంటే టర్బోట్యాక్స్ ఆన్‌లైన్ ఉంది. బ్రౌజర్ చాలు, కానీ ఒక్కో రిటర్న్‌కి విడిగా డబ్బు కట్టాలి. అమ్మాయిదో అబ్బాయిదో రిటర్న్ కూడా మీరే వేస్తుంటే ఖర్చు లెక్క చూసుకోండి. బ్రౌజర్‌లోనే నడిచే ఇతర కంపెనీల ప్రోగ్రామ్‌లూ ఉన్నాయి. వాటికి మారే ముందు మీకు కావలసిన ఫారం 1116 (విదేశీ పన్ను క్రెడిట్), 8938 (విదేశీ ఆస్తుల వివరాలు), మీ రాష్ట్రం రిటర్న్ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

అర్హత పరీక్షను దాటవేసి విండోస్ 11 ఎక్కించే చిట్కాలు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. నేను వద్దంటాను. అలా ఎక్కించిన కంప్యూటర్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఇంటిల్లిపాది సోషల్ సెక్యూరిటీ నంబర్లు, బ్యాంకు ఖాతాలు పెట్టే చోట ఆ రిస్క్ తగదు. టర్బోట్యాక్స్‌ని విండోస్ 10లో నడిపిస్తామంటూ ఎవరో ఇచ్చే ప్యాచ్ ఫైళ్ల జోలికైతే అసలే వెళ్లకండి.

కొత్త చోట పాత అంకెలు రాలేదు

పీడీఎఫ్ అప్‌లోడ్ చేస్తే పేరు, చిరునామా, ఏజీఐ (సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) లాంటి కొద్ది వివరాలే వస్తాయి. ట్యాక్స్2024 ఫైల్‌నే ఇవ్వాలి. అది ఇచ్చినా క్యారీఓవర్లను, అంటే పోయినేటి నుంచి ఈ ఏటికి వచ్చే మిగులు అంకెలను, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. షేర్లలో మిగిలిన నష్టం, ఇండియాలో కట్టిన పన్ను తాలూకు ఫారం 1116 క్రెడిట్, అద్దె ఇంటి నష్టం, డిప్రిసియేషన్ (తరుగుదల), వీటి మీదే కన్ను ఉండాలి. విదేశీ క్రెడిట్‌ని పదేళ్ల దాకా వాడుకోవచ్చు కాబట్టి, ఇక్కడ ఒక అంకె జారితే ఆ డబ్బు ఊరికే పోతుంది. ఇండియాలోని అద్దె ఫ్లాటుకి డిప్రిసియేషన్ 27.5 ఏళ్లు అని పడితే అది తప్పు. 2018 నుంచి అద్దెకిచ్చినదైతే 30 ఏళ్లు, అంతకుముందుదైతే 40.

ఈ-ఫైల్ తిరస్కరించారు, కోడ్ ఐఎన్‌డీ-031 లేదా 032

ప్రోగ్రామ్ మారినప్పుడు ఇది సర్వసాధారణం, టెన్షన్ పడాల్సిన పని లేదు. మీరు మీరేనని నిర్ధారించుకోవడానికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) పోయినేటి ఏజీఐ అడుగుతుంది. మొదటి కోడ్ మీది, రెండోది మీ భర్త లేదా భార్యది. 2024 ఫారం 1040లో 11వ లైన్ అంకె ఇవ్వండి. జాయింట్‌గా వేసి ఉంటే ఇద్దరికీ అదే పూర్తి అంకె, సగం కాదు. తర్వాత సవరణ వేసి ఉన్నా మొదటి రిటర్న్‌లోని అంకే ఇవ్వాలి. 2024 రిటర్న్ ఇంకా ప్రాసెస్ కాకపోతే సున్నా.

గడువు దగ్గరపడింది, కంప్యూటర్ ఇంకా తేలలేదు

2025 రిటర్న్ గడువు 2026 ఏప్రిల్ 15. గడువు పొడిగింపు కోరే ఫారం 4868 వేస్తే అక్టోబర్ 15 దాకా టైమ్ దొరుకుతుంది. అది కాగితాలు ఇవ్వడానికే, డబ్బు కట్టడానికి కాదు. బాకీ ఉంటుందనిపిస్తే ఐఆర్‌ఎస్ డైరెక్ట్ పే పేజీలో, కారణం దగ్గర ఎక్స్‌టెన్షన్ ఎంచుకుని అంచనా మొత్తం కట్టేయండి. ఫోన్‌లో అయిపోతుంది, విడిగా 4868 వేయనక్కర్లేదు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఇవ్వాల్సిన ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదికకి టర్బోట్యాక్స్‌తో సంబంధమే లేదు. అది అమెరికా ఆర్థిక శాఖ విభాగమైన ఫిన్‌సెన్ సైట్‌లో బ్రౌజర్‌లోనే వేయాలి కాబట్టి, కొత్త కంప్యూటర్ వచ్చేదాకా దాన్ని ఆపకండి.