విద్యార్థి ఎంత ఎదిగాడో కొలవడం ఎలా? లక్ష్యం పెట్టుకోవడం నుంచి టీచర్ మూల్యాంకనం దాకా

ఏడాది చివర 85 మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, మొదట్లోనే 82 దగ్గర ఉండి ఉండొచ్చు. 30 నుంచి 58కి చేరిన విద్యార్థి ర్యాంకుల్లో ఇంకా వెనకే కనిపిస్తాడు, కానీ తరగతిలో అందరికన్నా ఎక్కువ నేర్చుకున్నది అతనే కావచ్చు. చివరి మార్కు ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు. అందుకే మొదట ఎక్కడున్నారు, చివరికి ఎక్కడికి వచ్చారు అని రెండుసార్లు కొలవాలి.

ఈ కొలతతో రెండు పనులు చేస్తారు. పిల్లలకు లక్ష్యాలు పెట్టడం ఒకటి, టీచర్ పనిని అంచనా వేయడం రెండోది. మొదటి పనికి ఉన్నదున్నట్టు చెప్పే అంకెలు కావాలి. రెండో పని మొదలవగానే ఆ అంకెల మీద ఒత్తిడి పడుతుంది. ఒక కొలమానాన్ని నిర్ణయాలకు ఎంత ఎక్కువగా వాడితే అది అంత ఎక్కువగా వక్రీకరణకు గురవుతుందని సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1976లోనే హెచ్చరించారు. దీనికి పూర్తి విరుగుడు లేదు. ఉన్నంతలో మంచి రక్షణ ఏమిటంటే, నియమాలన్నీ మార్కులు చూడకముందే కాగితం మీద పెట్టడం. కింది మెట్లన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

1. ఏం కొలవాలో తేల్చుకోండి

సిలబస్ మొత్తాన్ని కొలవబోతే ఏదీ సరిగ్గా కొలవలేం. ఏడాది పొడవునా పదేపదే అవసరమయ్యే, పై తరగతికి పునాది అయ్యే నైపుణ్యాలు మూడు నుంచి ఐదు తీసుకోండి. ‘గణితంలో మెరుగుపడాలి’ అని రాస్తే చివర్లో దాన్ని తేల్చే దారి ఉండదు. ‘హారాలు వేరుగా ఉన్న భిన్నాలను కూడాలి, దశాంశాలను పోల్చాలి, పద సమస్యను సమీకరణంగా రాయాలి’ అని రాస్తే ప్రశ్నపత్రం దానంతటదే రూపుకడుతుంది.

ఇవన్నీ ఒక పేజీలో రాయండి: తరగతి, విద్యార్థుల సంఖ్య, నైపుణ్యాలు, మొదటి పరీక్ష తేదీ, చివరి పరీక్ష తేదీ, ఎవరి మార్కులు లెక్కలోకి వస్తాయి, లక్ష్యం, ఫలితాన్ని ఎలా చదువుతారు. టీచరు, ప్రధానోపాధ్యాయులు ఇద్దరూ దాని మీద సంతకం చేయాలి.

2. ప్రశ్నపత్రం తయారు చేయండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మొదట సులువైన పేపరు, చివర కష్టమైన పేపరు ఇచ్చి, లేదా దాన్ని తిరగేసి ఇచ్చి, వచ్చిన తేడాను ఎదుగుదల అనుకుంటారు. రెండు వేర్వేరు త్రాసుల మీద తూచి బరువు పెరిగిందనుకోవడం లాంటిదే ఇది.

ఒక్కో నైపుణ్యానికి కనీసం 6 ప్రశ్నలు ఉండాలి. అంతకన్నా తగ్గితే ఒకటి రెండు పొరపాట్లకే ఫలితం తలకిందులవుతుంది. మొత్తం 30 నుంచి 40 ప్రశ్నలు సరిపోతాయి. వాటిలో సుమారు 30 శాతం కింది తరగతి స్థాయివి, 50 శాతం ఈ ఏడాదివి, 20 శాతం ఇంకాస్త పైవి పెట్టండి. అన్నీ ఈ ఏడాది ప్రశ్నలే అయితే వెనకబడిన పిల్లలందరూ సున్నా దగ్గర కుప్పపడతారు, వాళ్లలో వాళ్లకు తేడా కనిపించదు. పై స్థాయి ప్రశ్నలు లేకపోతే ముందే 90 తెచ్చుకున్న విద్యార్థికి ఎదగడానికి చోటుండదు. అతని టీచర్‌కు కూడా అంతే.

నాలుగు ఆప్షన్ల బిట్లు మాత్రమే ఇవ్వకండి. 40 బిట్లలో ఏమీ తెలియని విద్యార్థికి కూడా గుడ్డిగా గుర్తు పెడితే సగటున 10 సరిపోతాయి, అదృష్టం కలిసొస్తే 13 కూడా వస్తాయి. కనీసం మూడో వంతు ప్రశ్నలకు పిల్లలు లెక్క చేసి చూపించాలి, లేదా జవాబు సొంతంగా రాయాలి.

అదే పేపరు రెండోసారి ఇస్తే ప్రశ్నలు గుర్తుండిపోతాయి. అందుకని ఏ, బీ అని రెండు పేపర్లు తయారు చేసి, మొదట సగం మందికి ఏ, సగం మందికి బీ ఇవ్వండి. చివర్లో తారుమారు చేయండి. ఒక పేపరు కాస్త కష్టమైనా ఆ ప్రభావం తరగతి సగటులో రెండు వైపులా సమంగా పడి కొట్టుకుపోతుంది.

3. మొదటి పరీక్ష పెట్టండి

బడి తెరిచిన మొదటి వారంలో వద్దు. సెలవుల్లో మరిచిపోయినవి కొద్ది రోజుల పునశ్చరణతోనే తిరిగి వస్తాయి. మొదటి రోజే కొలిస్తే ఆ గుర్తుకు రావడమంతా కొత్తగా నేర్చుకున్నదాని కింద జమ అవుతుంది. రెండో వారం చివర గానీ మూడో వారంలో గానీ పెట్టండి.

ఈ మార్కులు లెక్కలోకి రావని పిల్లలకు తెలిస్తే సగంలో కలం పెట్టేస్తారు. అప్పుడు మొదటి అంకె పడిపోయి, ఎదుగుదల ఉత్తుత్తిగా పెరుగుతుంది. ఎవరైనా కావాలనే తక్కువ రాయించినా జరిగేది అదే. దీన్ని పట్టుకోవాలంటే కిందటి ఏడాది చివరి మార్కులను పక్కన పెట్టి చూడండి. ఒకరిద్దరు కిందికి జారితే సహజం, ఒక సెక్షన్ మొత్తం జారితే పరీక్ష మళ్లీ పెట్టాలి.

మార్కులు వేయకముందే పది పేపర్లు, వేర్వేరు స్థాయిలవి, పేర్లు లేకుండా జిరాక్స్ తీసి దాచండి. ఏడాది చివర వాటి అవసరం పడుతుంది.

మార్కు వేశాక అక్కడితో ఆగకండి, తప్పులు చదవండి. 3/4 + 1/6 ఎంత అన్న ప్రశ్నకు ఒకరు 4/10 అని రాశారు, ఇంకొకరు 10/12 అని రాశారు. ఇద్దరికీ సున్నానే. మొదటి విద్యార్థి పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడు, భిన్నం ఒకే సంఖ్య అన్న సంగతే అతనికి ఇంకా అందలేదు. రెండో విద్యార్థికి హారం 12 చేయాలని తెలుసు. 9/12కు 2/12 కలిపేటప్పుడు ఎక్కడో ఒకటి తగ్గింది, అంతే. రెండో విద్యార్థికి నాలుగు లెక్కల సాధన చాలు. మొదటి విద్యార్థికి సంఖ్యారేఖ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. లక్ష్యం పెట్టడానికి మార్కు కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది. అందుకే స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి విద్యార్థికి మార్కుతో పాటు తప్పు రకానికి ఒక గడి ఉంచండి.

4. లక్ష్యాలు పెట్టండి

‘అందరికీ 70’ అంటే ఇప్పటికే 68లో ఉన్నవాళ్లకు పని లేదు, 20లో ఉన్నవాళ్లకు ఆశ లేదు. ‘అందరూ 20 మార్కులు పెరగాలి’ అంటే 85లో ఉన్నవాళ్లకు అసాధ్యం.

చాలామంది వాడే పద్ధతి, మిగిలిన దూరంలో సగం. 40 మార్కులున్న విద్యార్థికి వందకు ఇంకా 60 ఉంది, అందులో సగం 30, లక్ష్యం 70. 80లో ఉన్నవారికి 90. లెక్క సులువే, కానీ 20లో ఉన్న విద్యార్థి ఏకంగా 60కి రావాలంటుంది. అందరికన్నా వెనకబడినవాళ్లే అందరికన్నా ఎక్కువ పెరగాలనడం మంచి కోరికే గానీ, ఆ తరగతి టీచర్‌ను ముందే ఓడించినట్టు అవుతుంది.

ఇంతకన్నా నమ్మదగ్గ దారి, అదే పరీక్ష పాత ఫలితాలను చూడటం. రెండు మూడేళ్ల మార్కులు ఉంటే పిల్లలను మొదటి మార్కును బట్టి నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపులో మధ్యలో ఉన్న విద్యార్థి ఎంత పెరిగాడో చూడండి. దానికన్నా కాస్త ఎక్కువ లక్ష్యంగా పెట్టండి. పాత ఫలితాలు లేని మొదటి ఏడాది సగం దూరం పద్ధతి వాడుకోవచ్చు. ఆ ఏడాది మాత్రం దాన్ని టీచర్ రేటింగ్‌తో ముడిపెట్టకండి.

హాజరు నియమం కూడా ఇప్పుడే రాయాలి. 80 శాతం హాజరు ఉన్నవాళ్లనే లెక్కిస్తామనుకుంటే, అలా తప్పించిన వాళ్ల పేర్లు, మార్కులు వేరే పట్టికలో ఉండాలి. లేకపోతే వెనకబడిన పిల్లలు జాబితాలోంచి మెల్లగా మాయమవుతారు.

5. మధ్యలో ఒకసారి చూసుకోండి

ఏడాది సగంలో 10 నుంచి 12 ప్రశ్నల చిన్న పరీక్ష చాలు. మార్కులు రేటింగ్‌లోకి వెళ్లకూడదు. తప్పు రకాల గడి మారిందా అన్నది చూడండి. చాలామంది పిల్లలు వెళ్లిపోయి కొత్తవాళ్లు చేరినా, టీచరు దీర్ఘ సెలవులో వెళ్లినా లక్ష్యాలు సవరించే అవకాశం ఈ ఒక్కసారే ఇవ్వండి, కారణం రాసి సంతకం చేయించండి.

6. చివరి పరీక్ష పెట్టి, దిద్దండి

సమయం, సూచనలు, కాలిక్యులేటర్ నియమం అన్నీ మొదటిసారి లాగే ఉండాలి. మొదట 60 నిమిషాలు ఇచ్చి చివర 75 ఇస్తే ఆ పావుగంట కూడా ఎదుగుదలలో కలిసిపోతుంది.

తన తరగతి పేపర్లు తానే దిద్దుకునే ఏర్పాటు వద్దు. ఎంత నిజాయితీపరులైనా ‘చివరి పరీక్ష’ అని తెలిస్తే చేయి కాస్త ఉదారమవుతుంది. దాచిన పది జిరాక్స్‌లను ఇక్కడ బయటికి తీసి, పది చివరి పేపర్లకు కూడా అలాగే జిరాక్స్ తీసి, కలిపేసి, ఏది ఎప్పటిదో చెప్పకుండా మరో టీచర్‌తో దిద్దించండి. పాత పేపర్లకు మొదట పడిన మార్కుకు, ఇప్పుడు పడిన మార్కుకు పెద్ద తేడా ఉంటే దిద్దే తీరు మారిందన్నమాట. అన్నీ ఒకే సూచిక ప్రకారం మళ్లీ దిద్దాలి.

7. పెరుగుదలను లెక్కించండి, అందులో నిజమెంతో చూడండి

ఎంత మంది లక్ష్యం చేరారో చెప్పడంతో పాటు, మిగిలిన దూరంలో ఎంత వంతు దాటారో కూడా లెక్కించండి. చివరి సగటులోంచి మొదటి సగటు తీసేసి, వందలోంచి మొదటి సగటు తీసేయగా వచ్చినదానితో భాగించాలి. సగటు 40 నుంచి 64కి వెళ్లిన తరగతికి 24ను 60తో భాగిస్తే 0.4. 80 నుంచి 88కి వెళ్లిన తరగతికీ 0.4 వస్తుంది. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ హేక్ 1998లో భౌతికశాస్త్ర తరగతులను పోల్చడానికి వాడిన పద్ధతి ఇదే. దీన్ని తరగతి సగటుకే వాడండి. 95 నుంచి 90కి జారిన ఒక్క విద్యార్థికి లెక్కిస్తే మైనస్ 1 వచ్చి, అందరి లెక్కనూ పాడుచేస్తుంది.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి, పరీక్షలోని పొరపాటు. బేసి ప్రశ్నల మార్కులను, సరి ప్రశ్నల మార్కులను రెండు వరుసల్లో పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో కోరెల్ (CORREL) ఫార్ములాతో సహసంబంధం, అంటే ఆ రెండూ ఎంత కలిసి కదులుతున్నాయో, చూడండి. 0.72 వచ్చిందనుకుందాం. దాన్ని రెట్టింపు చేసి, దానికే ఒకటి కలపగా వచ్చే 1.72తో భాగిస్తే 0.84. పరీక్ష విశ్వసనీయత అది, అంటే మళ్లీ పెట్టినా దాదాపు అవే మార్కులు వస్తాయని ఎంత నమ్మొచ్చో చెప్పే అంకె. ఒకటిలోంచి దీన్ని తీసేస్తే 0.16, వర్గమూలం 0.4. మార్కుల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 12 అయితే 12 × 0.4 = 4.8. ఏ విద్యార్థి మార్కైనా అటూ ఇటూ దాదాపు 5 ఊగుతుందన్నమాట. రెండు పరీక్షల తేడాలో ఆ ఊగిసలాట దాదాపు 7 (4.8 × √2 = 6.8) అవుతుంది. అంటే 5 మార్కులు పెరిగిన విద్యార్థి నిజంగా ఎదిగాడనీ, 3 తగ్గిన విద్యార్థి వెనక్కి వెళ్లాడనీ చెప్పలేం. 30 మంది సగటుకు వచ్చేసరికి ఇదే ఊగిసలాట 1.2కు (6.8 ÷ √30) తగ్గుతుంది. తరగతి గురించి చెప్పగలిగినంత ధీమాగా ఒక్కో విద్యార్థి గురించి చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఇంకో ఉచ్చు ఉంది. మొదటి పరీక్షలో మరీ తక్కువ వచ్చినవాళ్లలో కొందరికి ఆ రోజు బాగోలేదు, అంతే. రెండోసారి వాళ్లు ఏమీ నేర్చుకోకపోయినా సగటు వైపు జరుగుతారు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు కొలుస్తూ ఈ ధోరణిని వివరించాడు. సగటు 50, విశ్వసనీయత 0.84 ఉన్న పరీక్షలో 26 తెచ్చుకున్న విద్యార్థి అసలు స్థాయి సుమారు 30. ఆ నాలుగు మార్కులు వాటంతట అవే వస్తాయి. వెనకబడిన పిల్లలనే ఎంచి పెట్టిన ప్రత్యేక తరగతులు ఎప్పుడూ అద్భుతంగా పనిచేసినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

8. టీచర్ మూల్యాంకనంలో వాడండి, జాగ్రత్తగా

టీచర్లను పోల్చాలంటే, ఒకే స్థాయిలో మొదలైన పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చాలి. అన్ని సెక్షన్ల మార్కులూ కలిపి, కనీసం వంద మంది ఉండేలా చూసుకుని, స్ప్రెడ్‌షీట్‌లోని స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఫార్ములాలతో, మొదటి మార్కును బట్టి చివరి మార్కును అంచనా వేసే ఒక గీత రాబట్టండి. ఆ గీత ‘చివరి మార్కు = 22 + 0.8 × మొదటి మార్కు’ అని వస్తే, 40తో మొదలైన విద్యార్థికి అంచనా 54. అతనికి 61 వస్తే అంచనా కన్నా 7 ఎక్కువ. ఈ తేడాల సగటు సెక్షన్ల వారీగా చూస్తారు. ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ పద్ధతిలో అందరి సగటు ఎప్పుడూ సున్నానే. టీచర్లందరూ గొప్పగా చెప్పినా కొందరు సున్నా కింద ఉండి తీరతారు. అందుకే ఇది నాలుగో మెట్టులోని లక్ష్యాలకు తోడుగానే ఉండాలి.

విద్యార్థుల మార్కుల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో టీచర్ల వాటా ఎక్కువ అధ్యయనాల్లో 1 నుంచి 14 శాతమే ఉందని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014లో ప్రకటించింది. మిగతా చాలా భాగం టీచరు చేతిలో లేని వాటి వల్ల వచ్చేదే. టీచరు ముఖ్యం కాదని దీని అర్థం కాదు. మార్కుల తేడా చూసి ఒక్క మనిషి పనిని తేల్చేయడం కుదరదని అర్థం. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పరిశీలకులు చూసిన పాఠాలు, పిల్లల నోట్‌బుక్కులు, దిద్దుబాట్లు కూడా పక్కన ఉండాలి.

రేటింగ్‌ను తేల్చే హద్దు గీతల దగ్గర అంకగణితం చాలా కఠినంగా ఉంటుంది. ‘80 శాతం మంది లక్ష్యం చేరితే మంచి రేటింగ్’ అనుకుందాం. 30 మంది తరగతిలో ఒక్కో విద్యార్థి విలువ 3.3 శాతం. ఇద్దరు జ్వరంతో పరీక్ష రాస్తే రేటింగ్ మారిపోవచ్చు. 12 మంది తరగతిలో ఒక్కరు చాలు, 8.3 శాతం. అందుకని 20 మంది కన్నా తక్కువ ఉంటే రెండేళ్ల ఫలితాలు కలపండి. పెద్ద తరగతికైనా మూడేళ్ల సగటు చూడకుండా ఉద్యోగానికి, జీతానికి సంబంధించిన నిర్ణయం తీసుకోవద్దు. హద్దు గీతకు ఇద్దరు విద్యార్థుల దూరంలో ఉన్న ఫలితాన్ని ఆ గీత మీద ఉన్నట్టే భావించి, తక్కిన ఆధారాలు చూసి తేల్చండి.

రేటింగ్ ఖరారు చేసేముందు విద్యార్థుల వారీ జాబితా టీచరుకు ఇచ్చి, సరిచూసుకోవడానికి రెండు వారాలు గడువు ఇవ్వండి. సెక్షన్ మారినవాళ్లు, మధ్యలో చేరినవాళ్లు, ఇద్దరు టీచర్ల దగ్గర చదివినవాళ్లు తప్పు పేరు కింద పడటం తరచూ జరుగుతుంది. అలాంటివి ఏ గణాంక ఫార్ములాకూ చిక్కవు, ఆ తరగతిలో రోజూ హాజరు తీసుకున్న టీచరు మాత్రం చూడగానే పట్టేస్తారు. సరిదిద్దిన జాబితాతో లెక్కంతా మళ్లీ చేసి, పాత అంకె, కొత్త అంకె రెండూ ఫైల్లో ఉంచండి.