ఉప్పునీటి ఆక్వేరియం సొంత పనులు – 4వ పాఠం: నీటిలోకి దిగే అయస్కాంతం

గత పాఠంలో పగడపు ముక్కలను నిలిపే చిన్న అర తయారుచేసుకున్నాము. దానిని గాజుకు అతికించకుండా, కావలసినప్పుడు జరుపుకొనే వీలుతో నిలబెట్టాలంటే తొట్టి లోపల ఒక అయస్కాంతం, వెలుపల ఒకటి ఉండాలి. లోపలి దానిని ఎలా ఎంచుకోవాలో, నీటికి అందకుండా ఎలా మూయాలో ఈ పాఠంలో చూద్దాము.

వెండిలా మెరిసే చిన్న బిళ్లలుగా దొరికేవి నియోడిమియం అయస్కాంతాలు. వాటి బరువులో సగానికి పైగా ఇనుమే. పైకి కనిపించే మెరుపు సాధారణంగా నికెల్, రాగి, మళ్లీ నికెల్ పొరల పూతది. మూడు పొరలూ కలిసినా మందం 10 నుంచి 20 మైక్రాన్లకు మించదు, అంటే తలవెంట్రుక కన్నా పలుచన. లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుండే నీటిలో ఆ పూతకు అంచున సూదిమొనంత గాటు పడినా చాలు, ఉప్పులోని క్లోరైడు లోపలికి చేరి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. తుప్పు ఉబ్బి పూతను పెచ్చులుగా లేపుతుంది. ఆ పెచ్చులలోని నికెల్, రాగి తొట్టిలోనే ఉండిపోతాయి. రొయ్యల రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి రాగి అవసరమే అయినా, నీటిలో అది కాస్త పెరిగితే వాటికి, నత్తలకు, పగడాలకు విషమవుతుంది. చేపల జబ్బులకు వాడే రాగి మందును పగడాలున్న తొట్టిలో వేయరాదని చెప్పేది ఇందుకే.

పలుచని ప్లాస్టిక్ పూత ఉన్న అయస్కాంతాన్ని నమ్మి నేను ఒకసారి నష్టపోయాను. గాజు మీది నాచు గీకే సాధనంలో అది ఇసుక రేణువుకు గీసుకుపోయింది; గోధుమరంగు మరక నా కంటపడేసరికి నత్తలన్నీ చనిపోయి ఉన్నాయి. నీటిలోకి దిగే ఏ అయస్కాంతాన్నీ పూత మీద భరోసాతో దించకూడదని అప్పటినుంచి నియమం పెట్టుకున్నాను.

రెండవ రకం నల్లని ఫెర్రైట్. అందులోని ఇనుము ముందే ఆక్సైడు రూపంలో ఉన్నందున అది తుప్పు పట్టదు. తిరుపతిలో స్పీకర్లు బాగుచేసే వారిని అడిగితే పాత స్పీకరు వెనుక ఉండే నల్లని రింగు దొరకవచ్చు, కానీ దానికి అంటుకున్న ఇనుప పలకలను పూర్తిగా తీసివేయాలి. దీని శక్తి నియోడిమియంలో సుమారు పదో వంతే. కాబట్టి 6 మి.మీ. గాజుకు, తేలికపాటి అరకు ఫెర్రైటు సరిపోవచ్చు. 10, 12 మి.మీ. గాజుకు నియోడిమియమే కావాలి. కోబాల్టు కలిసిన సమేరియం, ఆల్నికో రకాల జోలికి పోకండి. పెట్టె మీద రాసిన బలం మందపాటి ఇనుముకు నేరుగా అతికించి కొలిచినది. గాజు అడ్డం వస్తే అది చాలా తగ్గుతుంది, బరువుకు కిందికి జారకుండా ఆపే బలం ఇంకా తక్కువ. అందువల్ల అవసరమనుకున్న దానికన్నా ఒక మెట్టు పెద్దదే కొనండి.

ఏ రకమైనా మూసే పద్ధతి ఒకటే. అడుగు చదునుగా ఉన్న పీవీసీ ఎండ్ క్యాప్‌లో (పైపు చివర మూసే మూత), రెండు ట్యూబులలో వచ్చి కలిపి వాడే ఎపాక్సీ జిగురును ఒక మిల్లీమీటరు మందాన పోసి గట్టిపడనివ్వండి. వెలుపలి అయస్కాంతాన్ని ఆకర్షించే ముఖానికి ముందే గుర్తు పెట్టుకుని, ఆ ముఖం అడుగుకు ఉండేలా లోపలిదాన్ని నడిమధ్యన ఉంచి, పైన కనీసం 3 మి.మీ. నిండేలా మళ్లీ పోయండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, సాధారణ నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. అందుకే మన ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలిపి చేయాలి. సిలికాన్ మాత్రం దీనికి పనికిరాదు, నీటి ఆవిరిని లోపలికి రానిస్తుంది.

ఇంట్లో పసిపిల్లలుంటే విడి బిళ్లలను తాళం వేసి దాచండి. రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో నొక్కి చిల్లు చేస్తాయి. ఒక్కటి మింగారన్న అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన పని: బోరు నీటితో కాక ఆర్‌ఓ నీటితో, సాపేక్ష సాంద్రత 1.025 వచ్చేలా సముద్రపు ఉప్పు కలిపి ఒక గాజు గ్లాసులో పోయండి. మూసిన అయస్కాంతాన్ని అందులో మూడు వారాలు ఉంచి, అడుగున తెల్లకాగితం పెట్టి రోజూ చూడండి. గోధుమరంగు చుక్క ఒక్కటి కనిపించినా దానిని పారవేసి, కొత్త క్యాప్‌తో మొదటినుంచి మొదలుపెట్టండి.