షాపు కంప్యూటర్ నిర్వహణ – పాఠం 3: అప్‌డేట్లు ఆన్‌లోనే, రీస్టార్ట్ వేళ మాత్రం మనది

పోయిన పాఠంలో చెప్పిన బ్యాకప్ ఇంకా తీయకపోతే ముందు అది తీయండి. ఈ పాఠంలో పనులన్నీ ఆ తర్వాతే.

ద్వారకానగర్ జిరాక్స్ షాపుల్లో ఎవరినడిగినా ఒకటే సలహా: "అప్‌డేట్లు ఆపేయండి సార్, సిస్టమ్ స్లో అయిపోద్ది." వినకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. చిక్కినవాటిలో ఎక్కువ భాగం ఆ రెండు నెలల్లో ప్యాచ్ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. అందుకే ఆటోమేటిక్ అప్‌డేట్ మొదటి నుంచీ ఆన్‌లో ఉండటమే సరైన పద్ధతి.

మరి పొద్దున్నే హాల్‌టికెట్ ప్రింట్ కోసం పిల్లలు క్యూలో ఉండగా స్క్రీన్ మీద 30 శాతం దగ్గర చక్రం ఎందుకు తిరుగుతుంది? రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తాం కాబట్టి. రాత్రి పూర్తవాల్సిన పని పొద్దుటికి వాయిదా పడుతుంది. ఆ చక్రం తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కితే విండోస్ బూట్ కాకుండా పోయే ప్రమాదమూ ఉంది.

విండోస్ 11లో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యాక్టివ్ అవర్స్‌కి వెళ్లండి. మాన్యువల్ ఎంచుకుని ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు పెట్టండి (18 గంటలకు మించి ఒప్పుకోదు). ఆ వేళల్లో విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అవదు. పవర్ మెనూలో "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" కనిపించిన రోజు దాన్నే నొక్కి, సీపీయూ లైటు ఆరేదాకా ఆగి అప్పుడు స్విచ్ కట్టండి. యూపీఎస్ బ్యాటరీ డౌనైతే ఆ రాత్రికి మామూలు షట్ డౌన్ చాలు.

అప్‌డేట్లు ఎప్పుడూ తప్పు చేయవని కాదు. 2021 సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత చాలాచోట్ల నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ప్రింటర్లు 0ఎక్స్0000011బి ఎర్రర్‌తో ఆగిపోయాయి. రెండు సిస్టమ్‌లకు ఒకే ప్రింటర్ ఉన్న షాపుకి అంటే బేరం పోయినట్టే. ఇలాంటిదానికి ఉపాయం ఉంది. నెలవారీ ప్యాచ్‌లు రెండో మంగళవారం రాత్రి, మన టైమ్‌లో 10:30కి వస్తాయి, చలికాలంలో 11:30కి. ఆ సాయంత్రమే బిల్లింగ్ సిస్టమ్‌లో "పాజ్ ఫర్ 1 వీక్" నొక్కండి, రెండోదాన్ని అప్‌డేట్ కానివ్వండి. బుధవారం దాంట్లో ప్రింట్, స్కాన్, బిల్లు మూడూ చూడండి. బాగుంటే పాజ్ తీసేయండి. తేడా వస్తే అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో కొత్తగా వచ్చినదాన్ని తీసేయండి. బ్రౌజర్ అప్‌డేట్లని మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు.

ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపేవాళ్లు ఆ వైఫైని మీటర్డ్‌గా పెడితే డేటా మిగులుతుంది, కానీ అప్‌డేట్లు చాలావరకు ఆగిపోతాయి. వారానికోసారి ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి కలపాల్సిందే.

అభ్యాసం: మీ సిస్టమ్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి చివరి తేదీ రాసుకోండి. విండోస్ 10 ఉంటే అదీ రాయండి. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కాబట్టి అప్‌డేట్లు ఆన్‌లో ఉంచినా సరిపోదు. ఆ సిస్టమ్‌ని ఏం చేయాలో పాఠం 4లో.