కోరింగ పడవలో కెమెరా తడవకుండా

కోరింగ మడ అడవుల్లో లకుముకి పిట్ట కోసం పడవెక్కేవారి కెమెరాకు అసలు శత్రువు వాన కాదు, ఉప్పు. గోదావరి పాయల్లోకి సముద్రపు పోటు ఎక్కే చోటు అది. మీద చిందిన చుక్క ఆరినా ఉప్పు మిగిలిపోతుంది. గాలిలో తేమ తగలగానే మళ్లీ చెమ్మగిల్లి లోహాన్ని తినేస్తుంది.

ముందు డబ్బా సంగతి. మూతలో రబ్బరు వాషరు, నాలుగు పక్కలా క్లిప్పులు ఉన్న 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలు. లోపల పొడి వార్తాపత్రిక పరిచి, నీళ్ల తొట్టిలో రాత్రంతా ముంచి ఉంచండి. మీద సన్నికల్లంత బరువు పెట్టకపోతే నిలవదు, తేలిపోతుంది. తెల్లారి కాగితం ఏ మూల మెత్తబడిందో చూసి, అక్కడ వాషరు గాడిని వేలితో తడమండి. ఇసుక రేణువో వెంట్రుకో దొరుకుతుంది. అది తీశాక కూడా కారితే ఆ డబ్బాను పప్పులకు వాడుకోండి.

అడుగున పాత యోగా చాప ముక్కలు పరవండి. తేమకు సిలికా జెల్ పొట్లాలు వేయండి. కొందరు బియ్యం పోస్తారు, నాకు నచ్చదు. ఆ తవుడు లెన్సు రింగులో దూరితే తీసేదెవరు?

ఫొటో తీసేటప్పుడు మందపాటి పాలిథిన్ సంచి తొడగాలి. సంచి అడుగున లెన్సు హుడ్ (లెన్సు ముందు తగిలించే నీడ తొడుగు) కంటే కాస్త చిన్న రంధ్రం కత్తిరించి, సాగదీసి హుడ్‌కు ఎక్కించి రబ్బరు బ్యాండు బిగించండి. లెన్సు ముందు అద్దపు ఫిల్టరు ఉండాలి. సంచి మూతి కిందికి ఉంచి, అందులోంచి చేతులు పెట్టాలి. ఇది చిందే నీళ్లను ఆపుతుందే గాని మునిగితే కాపాడదు.

అందుకే కెమెరా పట్టీకి చేపల వలలు తేలడానికి కట్టే బెండ్లు కట్టమంటాను. మూత బిగించిన లీటరు ఖాళీ సీసా కూడా నీటిలో సుమారు కిలో బరువు మోస్తుంది గాని మోచేతికి అడ్డం. కెమెరా బరువుకు సరిపడా ఇసుక పొట్లం కట్టి, ఆ బెండ్లు దాన్ని తేల్చుతాయో లేదో తొట్టిలో చూసుకోండి.

ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను రేవులో వెంటనే బయటికి తీయకండి, అద్దం మీద ఆవిరి పడుతుంది. బయటి వేడికి వచ్చేదాకా డబ్బాలోనే ఉండనివ్వండి. తిరిగి వచ్చాక మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా బయటి భాగమంతా తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. పట్టీని, బెండ్లను మాత్రం కుళాయి కింద కడిగేయవచ్చు.