చించిల్లాలను జత కలపడం ఎలా?

చించిల్లా అంటే దట్టమైన మెత్తని బొచ్చుండే, ఎలుకల కోవకు చెందిన చిన్న పెంపుడు జంతువు. వీటిలో సాధారణంగా ఆడది మగదానికంటే ఒళ్లు పెద్దది, పెత్తనమూ దానిదే. ఇష్టం లేని మగది దగ్గరకు వస్తే వెనుక కాళ్లపై నిలబడి మూత్రం చిమ్ముతుంది. అప్పటికీ తప్పుకోకపోతే కరుస్తుంది. ఒకే బోనులో పారిపోయే దారి లేని మగదానికి ఆ కాట్ల వల్ల చెవులు చిరగవచ్చు, కాలివేళ్లు తెగవచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. అందుచేత పిల్లల కోసం రెండింటిని కలపదలచినవారు తమ తొందరను పక్కనబెట్టి, ఆడదాని ఒప్పుదలను బట్టి నడుచుకోవాలి.

ఆ జంటను అసలు కలపవచ్చా అన్నది ముందు తేల్చుకోండి. 1923లో మథాయస్ చాప్‌మన్ అనే అమెరికన్ గనుల ఇంజనీరు చిలీ నుంచి కాలిఫోర్నియాకు తెచ్చిన 11 చించిల్లాల సంతతే నేడు ఇళ్లలో పెరుగుతున్న వాటిలో అధికభాగం. కాబట్టి దగ్గరి రక్తసంబంధం ఉన్నవి కలవకుండా, తల్లిదండ్రులెవరో తెలియని జంతువులను జత కలపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పళ్లు వంకరగా పెరిగి మేత నమలలేని స్థితి వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఉన్నందున, ఆ లోపం ఉన్నదాన్ని ఎంత ముద్దుగా ఉన్నా జత కలపకూడదు. రంగు విషయంలోనూ రెండు జాగ్రత్తలున్నాయి: తెల్లదాన్ని తెల్లదానితో, వీపు, ముఖం ముదురు రంగులో ఉండే వెల్వెట్ రకాన్ని వెల్వెట్ రకంతో కలపరాదు. ఆ రంగునిచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన పిండం గర్భంలోనే నశిస్తుంది.

ఆడదానికి కనీసం తొమ్మిది, పది నెలల వయసు, దాదాపు 600 గ్రాముల బరువు వచ్చేదాకా ఆగండి. అది ఆడదేనని కూడా నిర్ధారించుకోండి, ఎందుకంటే ఆడదాని మూత్రద్వారం చిన్న శంకువులా ముందుకు వచ్చి ఉండడం వల్ల చాలామంది దాన్ని మగదిగా పొరబడతారు. ఆ శంకువు మలద్వారాన్ని దాదాపు ఆనుకుని ఉంటే ఆడది. రెంటికీ మధ్య స్పష్టమైన ఖాళీ చర్మం కనిపిస్తే మగది.

కొత్తగా తెచ్చినదాన్ని మూడు, నాలుగు వారాలు వేరే గదిలో ఉంచి, తామర, విరేచనాల వంటివి లేవని పశువైద్యునితో చూపించుకోవాలి. ఆ తరువాతే రెండు బోనులను పక్కపక్కన పెట్టాలి, అదీ నాలుగు వేళ్ల ఎడంతో. ఆనించి పెడితే ఊచల మధ్య నుంచి కాలివేళ్లు కొరికేసుకుంటాయి.

అసలు పరిచయం జరిగేది ఈ దశలోనే కనుక దీనికి కనీసం రెండు వారాలు ఇవ్వండి. రెండు, మూడు రోజులకొకసారి ఒకదాని బోనులోకి మరొకదాన్ని మార్చండి. ఇవి నీటికి బదులు సన్నని దుమ్ములో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి; ఆ స్నానపు దుమ్ము గిన్నెను ఒకటి పొర్లిన తరువాత కడగకుండా రెండోదానికి ఇవ్వండి. పొద్దు వాలాక దీపం తగ్గించి దూరంగా కూర్చుని గమనిస్తే, మొదటి రోజుల్లో ఆడది ఊచల దగ్గరకు వచ్చి మీసాలు వణికిస్తూ వాసన చూసి, చటుక్కున పై అరకు గెంతడం కనిపిస్తుంది. కొన్నాళ్లకు అదే జంతువు, అరలన్నీ ఖాళీగా ఉన్నా, మగదాని బోను వైపు గోడకే ఒరిగి పగలు నిద్రపోతుంది. నేనైతే ఆ నిద్ర చూడకుండా తరువాతి అడుగు వేయను.

కలిపే రోజు మీకు పూర్తిగా తీరిక ఉండాలి. బోనును శుభ్రంగా కడిగి, అరలు, మెట్లు స్థానం మార్చి, రెండు వైపులా ద్వారాలున్న దాగుడు పెట్టెలు రెండు ఉంచి, ఎండుగడ్డిని రెండు, మూడు చోట్ల వేసి, రెండింటినీ ఒకేసారి అందులోకి వదలండి. కాస్త తరుముకోవడం, ఒకదానిపై ఒకటి ఎక్కడం, నాలుగు వెంట్రుకలు రాలడం సహజమే. ఒకదాని చెంప దగ్గర బొచ్చును మరొకటి మెల్లగా కొరుకుతూ దువ్వడం మొదలుపెడితే పని సానుకూలమైనట్టే. ఆగకుండా తరమడం, పళ్లు కటకటలాడించడం, బొచ్చు కుచ్చులుగా ఎగరడం, నెత్తురు కనిపించడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా వెంటనే విడదీయాలి. విడదీసేటప్పుడు చేయి అడ్డు పెట్టకండి, బొచ్చు పట్టుకోకండి. బెదిరిన చించిల్లా పట్టుకున్న చోట బొచ్చు వదిలేస్తుంది. మధ్యలో మందపాటి తువ్వాలు వేసి ఒకదాన్ని పెట్టెలోకి తోలాలి. మళ్లీ పక్కబోనుల దశకు వెళ్లి రెండు వారాల తరువాత ప్రయత్నించండి. కొన్ని జంటలు ఎన్నిసార్లు కలిపినా కుదరవు, వాటిని బలవంతపెట్టవద్దు.

ఆండీస్ పర్వతాల చలికి పుట్టిన ఈ జీవికి 20 డిగ్రీల లోపు హాయిగా ఉంటుంది. 27 దాటితే వడదెబ్బ ప్రమాదం. మన ప్రాంతంలో రాత్రింబవళ్లు ఏసీ, కరెంటు పోతే దాన్ని నడిపే ఏర్పాటు లేనివారు వీటిని జత కలపకూడదు. నవంబరు మొదట్లో కట్టిన చూలు ఫిబ్రవరి చివర ఈనుతుంది, పాలు తాగే పిల్లలతో తల్లికి ఎండలు ముదిరే ఏప్రిల్ వచ్చేస్తుంది.

జత కట్టిన తరువాత బోను అడుగున మైనంలాంటి తెల్లని కడ్డీ ముక్క దొరకవచ్చు, అది జత కట్టినదానికి గుర్తు. ఆ తేదీ రాసిపెట్టుకుని, అక్కడి నుంచి సుమారు 111 రోజులు లెక్కించండి. మగదాని అంగం చుట్టూ వెంట్రుకల ఉంగరం బిగుసుకోలేదని పరిశీలించాలి. బిగుసుకుని తీయలేకపోతే అదే రోజు వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. ఈనిన ఒకటి, రెండు రోజుల్లోనే ఆడది తిరిగి ఎదకు వస్తుంది కనుక, వందో రోజుకే మగదాన్ని పక్కబోనుకు మార్చండి. పిల్లలు కళ్లు తెరిచి, ఒళ్లంతా బొచ్చుతో పుడతాయి. వాటిలో మగవాటిని ఎనిమిది వారాలు నిండగానే తల్లి నుంచి, అక్కచెల్లెళ్ల నుంచి వేరు చేయాలి.